బాయిలరు విసర్జన గొట్టం

బాయిలరు విసర్జన గొట్టం అనగా ఇంటిని వెచ్చబరచే బాయిలరులో గాని, వేడినీటిని నిల్వచేసే సిలిండరులో గాని పీడనం లేదా ఉష్ణోగ్రత హద్దు మీరినప్పుడు భద్రతా కవాటం గుండా వెలువడే వేడినీటిని, ఆవిరిని ఇంటి వెలుపలకు చేర్చే గొట్టం. యునైటెడ్ కింగ్‌డమ్ లోని ఇళ్ళ బయటి గోడలపై ఇది సాధారణంగా 15 మిల్లీమీటర్ల వ్యాసం గల రాగి గొట్టంగా కనిపిస్తుంది. గోడలోని రంధ్రం నుండి బయటకు వచ్చి, కొద్ది దూరం కిందికి దిగి, చివర గోడవైపుకు వంగి ఉంటుంది.

ఈ గొట్టం ఏళ్ళ తరబడి పొడిగా ఉండవచ్చు. అందువలన దానిని ఎవరూ పట్టించుకోరు. కాని పనిచేయవలసి వచ్చిన క్షణంలో అది మరిగే నీటిని ముందస్తు హెచ్చరిక లేకుండా బయటకు చిమ్ముతుంది. కావున ఈ గొట్టం రెండు షరతులను ఒకేసారి నెరవేర్చాలి. మొదటిది, నీరు ఏ అడ్డంకీ లేకుండా బయటకు పోవాలి. రెండవది, ఆ నీరు పడే చోట మనుషులు ఉండకూడదు. దారి మూసుకుపోతే ఇంటి లోపలివారికి ప్రమాదం. చివర తప్పుడు చోట ఉంటే వెలుపలివారికి ప్రమాదం.

నేపథ్యం

బ్రిటన్ వంటి చలిదేశాలలో ఇళ్ళను వెచ్చగా ఉంచడానికి బాయిలరులో నీటిని కాచి, గొట్టాల ద్వారా గదులలోని రేడియేటర్లకు పంపుతారు. పాత పద్ధతిలో ఇంటి అటకపై ఒక చిన్న నీటి తొట్టి ఉండేది. నీరు వేడెక్కి వ్యాకోచించినప్పుడు పెరిగిన నీరు ఈ తొట్టిలోకి చేరేది. పైభాగం తెరచి ఉన్న గాలి గొట్టం ఒకటి ఉండడం వలన వ్యవస్థలో పీడనం అంతగా పెరిగేది కాదు. దీనిని తెరిచిన వ్యవస్థ అంటారు. ఇటువంటి ఇళ్ళు నేటికీ ఉన్నాయి.

తరువాతి కాలంలో మూసిన వ్యవస్థలు వ్యాప్తిలోకి వచ్చాయి. వీటిలో అటకపై తొట్టి ఉండదు. నీరు మూసిన గొట్టాలలోనే తిరుగుతుంది. ఒకే పెట్టెలో రేడియేటర్లకు, కుళాయిలకు కూడా నీటిని కాచి ఇచ్చే కాంబీ బాయిలరు ఈ కోవకు చెందినదే. స్థలం కలిసివస్తుంది, అటకపై నీరు గడ్డకట్టే బెడద ఉండదు. అయితే పీడనం సహజంగా బయటకు పోయే దారి మూసుకుపోయింది కనుక, ఆ పనిని ఒక కవాటానికి, దానికి తగిలించిన విసర్జన గొట్టానికి అప్పగించవలసి వచ్చింది.

భద్రతా కవాటం అనే భావన పాతదే. ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పాపిన్ 17వ శతాబ్దం చివరి భాగంలో తాను తయారుచేసిన ఆవిరి వంటపాత్రకు బరువుతో మూసి ఉండే కవాటాన్ని అమర్చాడు. భారతీయ వంటిళ్ళలోని ప్రెషర్ కుక్కరు దానికి వారసురాలు. కుక్కరు మూతపై బరువు లేచి ఆవిరి వదిలినట్లే, బాయిలరులో స్ప్రింగు గల కవాటం లేచి నీటిని వదులుతుంది. తేడా ఏమిటంటే కుక్కరు ఆవిరి వంటింట్లో వంటచేసేవారి కళ్ళ ముందే వెలువడుతుంది. బాయిలరు నీరు గోడ అవతల, దాని సంగతి తెలియని వ్యక్తి నడిచే చోట పడవచ్చు.

పనిచేసే విధానం

నీటిని వేడిచేస్తే దాని ఘనపరిమాణం పెరుగుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ నుండి 80 డిగ్రీలకు వేడిచేసినప్పుడు ఈ పెరుగుదల సుమారు 2.9 శాతం. అనగా వ్యవస్థలో 100 లీటర్ల నీరు ఉంటే దాదాపు 3 లీటర్లు అదనంగా చోటు కావాలి. నీరు అణచడానికి లొంగదు. కావున మూసిన వ్యవస్థలో ఒక వ్యాకోచ పాత్ర ఉంటుంది. దీని లోపల రబ్బరు పొరకు ఒకవైపు నీరు, మరొకవైపు గాలి ఉంటాయి. నీరు పెరిగినప్పుడు గాలి నొక్కుకుపోయి చోటు ఇస్తుంది.

గృహ వ్యవస్థలలో నీరు చల్లగా ఉన్నప్పుడు పీడనం సాధారణంగా 1 నుండి 1.5 బార్ ఉంటుంది. ఒక బార్ అనగా ఇంచుమించు వాతావరణ పీడనానికి సమానం. వేడెక్కినప్పుడు ఇది కొంత పెరుగుతుంది. వ్యాకోచ పాత్ర పనిచేయకపోయినా, నీరు నింపే గొట్టపు కుళాయిని మూయడం మరచినా పీడనం పెరుగుతూ పోతుంది. గృహ బాయిలర్లలో సాధారణంగా 3 బార్ వద్ద కవాటం తెరుచుకుని నీటిని విసర్జన గొట్టంలోకి వదులుతుంది. పీడనం తగ్గగానే స్ప్రింగు కవాటాన్ని తిరిగి మూస్తుంది.

ప్రమాద స్వభావం

బాయిలరు నుండి రేడియేటర్లకు వెళ్ళే నీరు సాధారణంగా 60 నుండి 80 డిగ్రీల మధ్య ఉంటుంది. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే పెద్దల చర్మాన్ని తీవ్రంగా కాల్చగలదు. పిల్లల చర్మం పలుచన, వారు తప్పుకోవడం ఆలస్యం. కావున వారికి గాయం ఇంకా త్వరగా, ఇంకా లోతుగా అవుతుంది.

బాయిలరు నియంత్రణ పూర్తిగా విఫలమైన సందర్భం మరింత తీవ్రమైనది. పీడనం పెరిగిన కొద్దీ నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. వాతావరణ పీడనం కంటే 3 బార్ ఎక్కువ పీడనం వద్ద నీరు సుమారు 143 డిగ్రీల వరకు మరగకుండా ద్రవంగానే ఉండగలదు. అటువంటి నీరు గొట్టం చివర బయటి గాలిని తాకగానే పీడనం పడిపోయి, అందులో కొంత భాగం క్షణంలో ఆవిరిగా మారుతుంది. 100 డిగ్రీల వద్ద ఆవిరి, తాను పుట్టిన నీటికంటే దాదాపు 1,600 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువలన గొట్టం నుండి వెలువడేది ప్రశాంతంగా కారే ధార కాదు. నీరు, ఆవిరి కలిసి వేగంగా చిమ్మే జల్లు. గొట్టం చివర గోడకు లంబంగా బయటకు చూస్తూ ఉంటే ఈ జల్లు దారిన పోయేవారి ముఖంపై పడగలదు.

బయటి గోడపై ఉండే ఇతర గొట్టాలు

ఒక బాయిలరుకు సంబంధించి ఇంటి బయటి గోడపై సాధారణంగా మూడు వేర్వేరు నిర్గమాలు కనిపిస్తాయి. వీటిని ఒకదానితో ఒకటి పొరబడడం తరచు జరుగుతుంది.

పొగ గొట్టం: గ్యాసు మండగా వచ్చే వాయువులను బయటకు పంపుతుంది. ఇది లావుగా, గుండ్రంగా ఉంటుంది. చలికాలంలో దీని నుండి తెల్లటి ఆవిరి తెర వస్తుంది. దీనిని కిటికీలకు, తలుపులకు ఎంత దూరంలో పెట్టాలనే విషయంలో ప్రత్యేక నియమాలు ఉన్నాయి, ఎందుకంటే దీనివలన వచ్చే ముఖ్య ప్రమాదం కాలిన వాయువులు ఇంటిలోకి తిరిగి ప్రవేశించడం.

ద్రవీభవన జలపు గొట్టం: కండెన్సింగ్ బాయిలర్లు పొగలోని ఆవిరిని చల్లబరచి, దానిలోని వేడిని కూడా వాడుకుంటాయి. అప్పుడు ఏర్పడే నీరు ఆమ్ల గుణం కలది. అది రాగిని తినివేస్తుంది కనుక ఈ గొట్టాన్ని ప్లాస్టిక్‌తో చేస్తారు. ఇంగ్లాండు, వేల్స్ లలో 2005 ఏప్రిల్ నుండి కొత్తగా అమర్చే గ్యాసు బాయిలర్లు, కొద్ది మినహాయింపులతో, కండెన్సింగ్ రకానివే అయి ఉండాలి. బాయిలరు నడుస్తున్నంతసేపు ఈ గొట్టంలో కొద్దికొద్దిగా నీరు వస్తూనే ఉంటుంది. ఇది లోపం కాదు.

విసర్జన గొట్టం: ఈ వ్యాసానికి విషయమైన గొట్టం. ఇది లోహంతో చేసినది. దీనినుండి మామూలుగా ఏ నీరూ రాకూడదు. వచ్చిందంటే వ్యవస్థలో ఏదో లోపం ఉన్నట్లే.

ఈ భేదం గుర్తుంచుకోవలసినది. ప్లాస్టిక్ గొట్టం నుండి చుక్కలు పడడం ఆరోగ్య లక్షణం. రాగి గొట్టం నుండి చుక్కలు పడడం వ్యాధి లక్షణం. మరిగే నీటికి సన్నని ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి వంగిపోగలదు కనుక విసర్జన గొట్టంగా దానిని వాడరాదు.

గొట్టం చివర ఉండవలసిన చోటు

బాయిలరు తయారీదారులు తమ అమరిక సూచనలలో ఈ విషయాన్ని ప్రత్యేకంగా పేర్కొంటారు. వాటిలో కొలతలు ఒక్కో నమూనాకు కొంత మారినా మూలసూత్రం ఒకటే: వెలువడే నీరు ఇంటిలోనివారికి గాని, దారిన పోయేవారికి గాని హాని చేయకూడదు, విద్యుత్ తీగలపై, విద్యుత్ పరికరాలపై పడకూడదు, అయినా నీరు వస్తున్న సంగతి కంటికి కనిపించాలి.

నేల అంతస్తులో

బయటి గోడ మీద గొట్టాన్ని నేలకు దగ్గరగా దించి, చివరను కిందికి లేదా గోడవైపుకు తిప్పడం సర్వసాధారణమైన పద్ధతి. గోడవైపుకు తిప్పినప్పుడు చిమ్మిన నీరు ఇటుకను తాకి, వేగం కోల్పోయి, గోడ వెంట కిందికి జారుతుంది. ఇటుక, కాంక్రీటు ఆ వేడిని తట్టుకోగలవు. అయితే చివర గోడకు పూర్తిగా ఆనుకుని ఉండరాదు. అలా ఉంటే నీరు పోయే దారి మూసుకుపోతుంది. కొద్ది ఖాళీ వదలాలి.

గొట్టాన్ని మురుగునీటి గల్లీ ట్రాపులోకి, దానిపై ఉండే ఇనుప జల్లెడకు కింద, ట్రాపులో నిలిచే నీటికి పైన ముగించడం ఇంకా మేలు. అప్పుడు నీరు ఎవరి కాళ్ళకూ తగలకుండా నేరుగా కాలువలోకి పోతుంది.

పై అంతస్తులలో

బాయిలరు పై అంతస్తులో ఉన్నప్పుడు అక్కడే గోడ బయట గొట్టాన్ని ముగిస్తే మరిగే నీరు చాలా ఎత్తు నుండి కింద ఉన్నవారిపై పడుతుంది. కిటికీకి, ప్రవేశ ద్వారానికి, బాల్కనీకి పైన గొట్టాన్ని ముగించడం ఎంతమాత్రం తగదు. వేసవిలో తెరిచిన కిటికీ నుండి తల బయటపెట్టిన వ్యక్తికి పైన ఉన్న చిన్న రాగి గొట్టం కనిపించదు.

ఇటువంటి చోట్ల గొట్టాన్ని గోడ వెంట నేల వరకు దించడం ఉత్తమం. అది కుదరనప్పుడు లోహపు తొట్టి గల లోహపు వాననీటి గొట్టంలోకి నీటిని వదలవచ్చు. ఈ గొట్టాలు ప్లాస్టిక్‌వి కాకూడదు. చాలా ఇళ్ళలో చూరు వెంట ఉండే వాననీటి కాలువలు ప్లాస్టిక్‌వే కనుక, గొట్టం దగ్గరలో ఉంది గదా అని దానిలోకి కలపడం తప్పు. తారు పొర పరచిన పైకప్పు కూడా మరిగే నీటికి చెడిపోతుంది.

కాలిబాటకు ఆనుకున్న ఇళ్ళు

బ్రిటన్ నగరాలలో 19వ శతాబ్దపు వరుస ఇళ్ళు అనేకం ఉన్నాయి. వీటిలో చాలావాటికి ముందు తోట ఉండదు. గోడ దాటగానే ప్రజలు నడిచే కాలిబాట ఉంటుంది. ఇటువంటి గోడపై గొట్టాన్ని ముగిస్తే ఇంటికి ఏ సంబంధమూ లేని బాటసారులకు, తోపుడు బండిలో కూర్చున్న పసిపిల్లలకు ప్రమాదం. పసిబిడ్డ బండి ఎత్తు తక్కువ. కాబట్టి పెద్దలకు క్షేమకరమైన ఎత్తు పిల్లలకు క్షేమకరం కాకపోవచ్చు. వీలైనంతవరకు గొట్టాన్ని ఇంటి వెనుకవైపుకు తీసుకుపోవాలి. అది సాధ్యం కాకపోతే ఇంటి లోపలి మురుగు గొట్టంలోకే తగిన అమరికతో కలపాలి. దీనిని గూర్చి కింద వివరించబడినది.

పిల్లలు ఆడే స్థలాలు

నేలకు దగ్గరగా గొట్టం ఉండి, అక్కడ పిల్లలు ఆడుకునే అవకాశం ఉంటే గొట్టం చివర చుట్టూ తీగల పంజరం వంటి రక్షణ అమర్చాలి. ఈ పంజరం చేయి దూరకుండా ఆపాలి గాని చూపును ఆపరాదు. పెట్టెలాగా పూర్తిగా కప్పివేస్తే నీరు కారుతున్న సంగతి ఎవరికీ తెలియదు.

కాలక్రమంలో వచ్చే మార్పులు

అమర్చిన రోజున క్షేమంగా ఉన్న గొట్టం ఎల్లకాలం అలాగే ఉంటుందని చెప్పలేము. గొట్టం మారకపోయినా దాని చుట్టూ ఇల్లు మారుతుంది. పెరట్లో చెక్క అరుగు వేసినప్పుడు గొట్టం చివర దాని కిందికి పోయి కనబడకుండా పోతుంది. పూలమడి కోసం మట్టి పోస్తే చివర పూడుకుపోతుంది. గొట్టం కింద ప్లాస్టిక్ పైకప్పు గల గది కడితే నీరు దానిపై పడుతుంది. ఒకప్పుడు ఎవరూ నడవని సందులో కొత్త తలుపు పెడితే అది ప్రవేశ మార్గమవుతుంది. కావున ఇంటి వెలుపల ఏ నిర్మాణం చేపట్టినా గొట్టం చివర ఎక్కడుందో ముందుగా చూడవలసి ఉంటుంది.

గొట్టం నిర్మాణం

విసర్జన గొట్టం వ్యాసం కవాటపు నిర్గమ ద్వారం కంటే తక్కువ ఉండరాదు. గొట్టం పొడవునా కిందికి వాలుగా సాగాలి. మధ్యలో పైకి లేచి మళ్ళీ దిగే వంపు ఉంటే అక్కడ నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు కవాటాన్ని తుప్పు పట్టించవచ్చు. చలికాలంలో మంచుగా గడ్డకట్టి దారిని మూసివేయవచ్చు. వాలు సరిగా ఉన్న గొట్టం ఎప్పుడూ పొడిగా ఉంటుంది, పొడిగా ఉన్న గొట్టంలో గడ్డకట్టడానికి ఏమీ ఉండదు.

ఈ కారణంగానే చలికాలంలో కారే కవాటాన్ని అశ్రద్ధ చేయరాదు. చుక్క చుక్కగా కారిన నీరు గొట్టం చివర మంచుకొన వలె పేరుకుని, కొద్దికొద్దిగా లోపలికి పెరిగి, గొట్టాన్ని బిరడా వలె బిగించగలదు. అప్పుడు కవాటం ఉన్నా లేనట్లే.

వేడినీటి సిలిండర్ల విషయం

కుళాయిల కోసం వేడినీటిని నిల్వచేసే సిలిండర్లలో మూసిన రకం మరింత జాగ్రత్త కోరుతుంది. ఇవి వీధి గొట్టపు పీడనంతోనే నేరుగా పనిచేస్తాయి. ఇంగ్లాండు, వేల్స్ లలో 1985 నాటి భవన నిర్మాణ నిబంధనలు వీటికి వీలు కల్పించాయి. ఈ నిబంధనలలోని జి3 అనే భాగం వీటికి సంబంధించినది. దీనికి మార్గదర్శకంగా ఆమోదిత పత్రం జి అనే పుస్తకాన్ని ప్రభుత్వం ప్రచురిస్తుంది. సిలిండరులోని నీరు ఏ పరిస్థితిలోను 100 డిగ్రీలు దాటకుండా చూడడం దీని లక్ష్యం.

ఇందుకోసం మూడు అంచెల రక్షణ ఉంటుంది. మొదటిది మామూలు థర్మోస్టాటు. అది విఫలమైతే వేడిని పూర్తిగా ఆపివేసే రెండవ మీట పనిచేస్తుంది. ఇది తనంతట తాను తిరిగి కలవదు, మనిషి వచ్చి కలపాలి. అదీ విఫలమైతే ఉష్ణోగ్రతను బట్టి తెరుచుకునే కవాటం నీటిని బయటకు వదులుతుంది. విసర్జన గొట్టం ఈ మూడవ అంచెలో భాగం. దానిలోకి నీరు వచ్చిందంటే మొదటి రెండు అంచెలు దాటిపోయి ఉండవచ్చునని అర్థం.

ఈ గొట్టాన్ని రెండు భాగాలుగా అమరుస్తారు. కవాటం నుండి టండిష్ అనే గరాటు వరకు ఉన్నది డి1. గరాటు నుండి చివర వరకు ఉన్నది డి2. గరాటు వద్ద గొట్టం తెగి, మధ్యలో గాలి ఖాళీ ఉంటుంది. దీనివలన మురుగు నీరు తాగునీటిలోకి వెనుకకు రాదు. పైగా నీరు పడడం ఇంటిలోనివారికి కనిపిస్తుంది. గరాటును కవాటానికి వీలైనంత దగ్గరగా నిలువుగా అమర్చాలి. దాని కింద మొదటి వంపుకు ముందు డి2 గొట్టం కనీసం 300 మిల్లీమీటర్లు నిటారుగా దిగాలి. ఆపైన కనీసం 200 కు 1 వంతున ఎడతెగని వాలు ఉండాలి.

డి2 గొట్టం కవాటపు నిర్గమ ద్వారం కంటే కనీసం ఒక పరిమాణం పెద్దది కావాలి. దూరం పెరిగిన కొద్దీ, వంపులు పెరిగిన కొద్దీ నీటి ప్రవాహానికి నిరోధం పెరుగుతుంది కనుక గొట్టం ఇంకా లావు కావాలి. అర అంగుళపు కవాటానికి ఆమోదిత పత్రం ఇచ్చిన కొలతలు ఇవి:

22 మి.మీ. గొట్టం: 9 మీటర్ల వరకు; ప్రతి వంపుకు 0.8 మీటరు తగ్గించాలి.
28 మి.మీ. గొట్టం: 18 మీటర్ల వరకు, ప్రతి వంపుకు 1 మీటరు తగ్గించాలి.
35 మి.మీ. గొట్టం: 27 మీటర్ల వరకు, ప్రతి వంపుకు 1.4 మీటర్లు తగ్గించాలి.

ఉదాహరణకు, గరాటు నుండి చివర వరకు 6 మీటర్ల దూరం, దారిలో 5 వంపులు ఉన్నాయనుకుందాం. 22 మి.మీ. గొట్టానికి 5 వంపులకు 4 మీటర్లు పోగా మిగిలేది 5 మీటర్లు. కావలసినది 6 మీటర్లు కనుక అది చాలదు. 28 మి.మీ. గొట్టానికి 18 నుండి 5 తీసివేయగా 13 మీటర్లు మిగులుతాయి. కాబట్టి 28 మి.మీ. గొట్టం వాడాలి. గొట్టం చివరను క్షేమకరమైన చోటికి తీసుకుపోవాలంటే దూరం, వంపులు పెరగవచ్చు. వాటితోపాటు గొట్టపు పరిమాణం కూడా పెరగాలని ఈ లెక్క తెలుపుతుంది.

చివర విషయంలో ఈ పత్రం గల్లీ ట్రాపును ఉత్తమమైనదిగా చెబుతుంది. నేలకు 100 మిల్లీమీటర్ల ఎత్తు లోపల కిందికి ముగించడాన్ని కూడా, పిల్లలు తాకే చోట్ల తీగ పంజరం ఉండే పక్షంలో, అంగీకరిస్తుంది. వేడిని తట్టుకోగల పైకప్పుపై వదిలేటప్పుడు, ఆ నీరు చేరగల ప్లాస్టిక్ వాననీటి కాలువకు 3 మీటర్ల దూరం ఉండాలని చెబుతుంది. ఇంటి మురుగు గొట్టంలో కలిపేటప్పుడు నీటి ట్రాపుకు బదులు యాంత్రికంగా మూసుకునే బిరడా వాడాలని, ఆ శాఖకు సింకు, స్నానపు తొట్టి వంటివేవీ కలపరాదని, గొట్టం అధిక ఉష్ణోగ్రతను తట్టుకునే పదార్థంతో చేసినదై ఉండాలని సూచిస్తుంది. నీటి ట్రాపు వాడకపోవడానికి కారణం సులభమే. ఏళ్ళ తరబడి నీరు రాని గొట్టంలో ట్రాపులోని నీరు ఎండిపోయి, మురుగు వాయువులు ఇంటిలోకి వస్తాయి.

కొన్ని దుర్ఘటనలు

1982 జనవరి 19 న అమెరికాలోని ఒక్లహోమా రాష్ట్రం, స్పెన్సర్ పట్టణంలోని స్టార్ ప్రాథమిక పాఠశాలలో నీటి హీటరు పేలి ఏడుగురు మరణించారు. వారిలో ఆరుగురు పిల్లలు. అదుపు తప్పి కాగుతున్న నీటిని బయటకు వదలవలసిన భద్రతా కవాటం పనిచేసే స్థితిలో లేదు. బయటకు పోయే దారి లేని వేడినీరు ఎంత శక్తిని దాచుకుంటుందో ఈ సంఘటన తెలిపింది.

తెరిచిన వ్యవస్థ అయినంత మాత్రాన ప్రమాదం ఉండదనుకోవడం పొరపాటు. 2006 నవంబరులో ఇంగ్లాండు నైరుతి భాగంలోని ఒక ఇంటిలో విద్యుత్ హీటరు థర్మోస్టాటు విఫలమైంది. మరిగిన నీరు గాలి గొట్టం గుండా అటకపై ఉన్న ప్లాస్టిక్ తొట్టిలోకి చేరింది. వేడికి తొట్టి మెత్తబడి కూలిపోగా, కింది గదిలో నిద్రిస్తున్న పసిబిడ్డ మరణించింది. అక్కడ దారి ఉన్నది. కాని ఆ దారి మనిషి తలపై ముగిసింది.

మొదటి దుర్ఘటనలో దారి పనిచేయలేదు, రెండవదానిలో దారి చివర తప్పుడు చోట ఉంది. విసర్జన గొట్టానికి సంబంధించిన నియమాలన్నీ ఈ రెండు తప్పులను నివారించడానికే ఏర్పడినవని చెప్పవచ్చు.

చేయకూడని పనులు

గొట్టం చివర మూత బిగించడం, బిరడా పెట్టడం. కారే చుక్కలు చికాకు కలిగించినప్పుడు కొందరు ఈ పని చేస్తారు. ఇది అన్నిటికంటే ప్రమాదకరం.
గొట్టం మధ్యలో కుళాయి గాని, మూసే కవాటం గాని అమర్చడం.
చివరకు ప్లాస్టిక్ లేదా రబ్బరు గొట్టం తగిలించి దూరంగా మళ్ళించడం.
చివర కింద బకెట్టు పెట్టి మరచిపోవడం. నీరు నిండి, చలికి గడ్డకట్టి, గొట్టం మునిగిపోవచ్చు.
చివరను గోడ లోపల, నేల కింద, లేదా చెక్క పలకల వెనుక దాచడం.
నీరు వేడిగా ఉన్నదో లేదో చూడడానికి గొట్టం చివర చేయి పెట్టడం.

నీరు కారుతున్నప్పుడు

విసర్జన గొట్టం నుండి నీరు కారడానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. మొదటిది, నీరు నింపే కుళాయి పూర్తిగా మూయకపోవడం. అప్పుడు బాయిలరు చల్లగా ఉన్నా పీడనం పెరుగుతూనే ఉంటుంది. రెండవది, వ్యాకోచ పాత్రలో గాలి తగ్గిపోవడం లేదా రబ్బరు పొర చిరగడం. అప్పుడు బాయిలరు వేడెక్కగానే పీడనం 3 బార్ వరకు ఎగబాకి, చల్లారగానే దాదాపు సున్నాకు పడిపోతుంది. మూడవది, కవాటమే చెడిపోవడం. ఒకసారి తెరుచుకున్న కవాటంలో తుప్పు రేణువులు, మడ్డి చిక్కుకుంటే అది మళ్ళీ బిగువుగా మూసుకోదు. అప్పుడు పీడనం మామూలుగా ఉన్నా నీరు కారుతుంది, కొంతకాలానికి పీడనం పడిపోతుంది.

ఇంటివారు చేయదగినది పీడన మాపకాన్ని చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడిగా ఉన్నప్పుడు ఒకసారి చూసి రాసుకోవడం. ఈ రెండు అంకెలు మరమ్మతుకు వచ్చే వ్యక్తికి చాలావరకు దారి చూపుతాయి. నింపే కుళాయి తెరచి ఉంటే మూయవచ్చు. మరిగే నీరు గాని, ఆవిరి గాని ధారగా వస్తుంటే బాయిలరును ఆపి, గొట్టం చివర ఉన్న చోటికి ఎవరినీ పోనీయకుండా చూసి, నిపుణుడిని పిలవాలి. గ్రేట్ బ్రిటన్ లో గ్యాసు బాయిలరుపై పనిచేసేవారు గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదై ఉండాలి. ఈ రిజిస్టరు 2009 ఏప్రిల్ 1 న అమలులోకి వచ్చింది. పదే పదే పీడనం పడిపోతుంటే ప్రతిసారీ నీరు నింపుతూ పోవడం పరిష్కారం కాదు. కొత్త నీటితో వచ్చే ప్రాణవాయువు రేడియేటర్లను లోపలి నుండి తుప్పు పట్టిస్తుంది.

ఇతర దేశాలలో

అమెరికాలో ఇళ్ళలోని నిల్వ నీటి హీటర్లకు ఉష్ణోగ్రత, పీడనం రెండింటికీ స్పందించే కవాటం ఉంటుంది. ఇది సాధారణంగా 210 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 99 డిగ్రీల సెల్సియస్) వద్ద గాని, చదరపు అంగుళానికి 150 పౌండ్ల పీడనం వద్ద గాని తెరుచుకుంటుంది. అక్కడ విస్తృతంగా అనుసరించే అంతర్జాతీయ ప్లంబింగ్ నియమావళి ప్రకారం విసర్జన గొట్టం కిందికి వాలుగా సాగాలి, చివర నేల నుండి 6 అంగుళాల కంటే ఎత్తులో ఉండకూడదు. చివర మర చుట్లు కూడా ఉండకూడదు. మర ఉంటే ఎవరైనా మూత బిగించగలరన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

భారతదేశంలో ఇళ్ళను వెచ్చబరచే బాయిలర్లు అరుదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్ళలో ఇదే సూత్రం స్నానపు గదిలోని విద్యుత్ గీజరులో కనిపిస్తుంది. నిల్వ గీజరు కింద చల్లని నీరు ప్రవేశించే చోట ఒక చిన్న భద్రతా కవాటం, దానికి పక్కగా ఒక సన్నని నిర్గమ ద్వారం ఉంటాయి. నీరు కాగుతున్నప్పుడు దీనినుండి కొన్ని చుక్కలు పడవచ్చు. బాయిలరుకు భిన్నంగా గీజరు విషయంలో ఇది మామూలే. ఈ ద్వారానికి గొట్టం తగిలిస్తే అది ఎడతెగకుండా కిందికి సాగి, చివర గాలికి తెరచి ఉండాలని గీజర్లతో వచ్చే సూచనలు చెబుతాయి. చుక్కలు పడుతున్నాయని ఆ ద్వారాన్ని మేకుతో గాని, మైనంతో గాని మూయడం బాయిలరు గొట్టానికి మూత బిగించడంతో సమానం. గొట్టం చివర స్నానం చేసేవారి వీపుపై కాక నేల తూము దగ్గర ఉండేలా చూడాలి.

ఉద్యోగరీత్యా, చదువురీత్యా బ్రిటన్ కు వెళ్ళి అద్దె ఇళ్ళలో నివసించే తెలుగువారికి ఈ రాగి గొట్టం కొత్తగా కనిపించవచ్చు. ఇంటిలో చేరినప్పుడు బాయిలరు, దాని పీడన మాపకం, గొట్టం గోడ బయట ఎక్కడ ముగుస్తుందో చూసి ఉంచుకోవడం మంచిది. గొట్టం చివర తలుపు పైన గాని, పిల్లలు ఆడే చోట గాని ఉంటే ఇంటి యజమానికి తెలియజేయాలి. ఇంగ్లాండులో అద్దె ఇళ్ళలోని గ్యాసు ఉపకరణాలను ఏడాదికొకసారి తనిఖీ చేయించడం యజమాని బాధ్యత.

ఇవి కూడా చూడండి

బాయిలరు
భద్రతా కవాటం
ప్రెషర్ కుక్కరు
పీడనం
వ్యాకోచం
థర్మోస్టాటు
కాలిన గాయాలు